ఎడమవైపు అడుగుల చప్పుడు

ఆ వారంలో నన్ను పదకొండుసార్లు చంపారు. పదకొండుసార్లూ ఎడమవైపు నుంచే వచ్చి చంపారు.

చంపడమంటే ఫోనులో ఆట. నలుగురు ఒక జట్టుగా విమానంలోంచి పెద్ద గొడుగులు కట్టుకుని ఒక దీవి మీదికి దూకాలి. ఖాళీ ఇళ్ళలో దూరి తుపాకులూ మందుకట్లూ ఏరుకోవాలి. మిగతా జట్లవాళ్ళు మనల్ని కాల్చకముందే మనం వాళ్ళని కాల్చాలి. అరవై నాలుగేళ్ళ వయసులో, జాలరిపేటలో చేపలమ్ముకునే మనిషికి ఇదేం ఆటని మీరు అడగొచ్చు. మా పేటలో అడగనివాళ్ళు లేరు. కొందరు నవ్వుతూ అడిగారు, కొందరు నాకేదో గాలి సోకిందన్నట్టు జాలిగా అడిగారు.

కారణం దేవిశ్రీ. నా కూతురు పుష్ప కూతురు. ఇంటర్ అయ్యేదాకా నా దగ్గరే పెరిగి, ఇప్పుడు తగరపువలస దగ్గర కాలేజీ హాస్టల్లో ఉంటోంది. వెళ్ళిన కొత్తలో రోజూ ఫోన్ చేసేది. తిన్నావా అని అడిగేది. తిన్నాను, నువ్వు తిన్నావా అని నేను అడిగేదాన్ని. తిన్నాననేది. ఆ తరవాత ఇద్దరికీ మాటలుండేవి కావు. రెండు నిమిషాలకి ఫోన్ పెట్టేసేవాళ్ళం. కొన్నాళ్ళకి రోజూ కాస్తా వారానికొకసారయింది.

ఒకసారి సెలవులకి వచ్చినప్పుడు వాళ్ళ జట్టులో నాలుగో మనిషి తక్కువైందని నా చేతిలో ఫోన్ పెట్టి, బొటనవేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆటలో నాకు చేపలమ్మ అని పేరు పెట్టింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికి, నేను గంప కడిగి బోర్లించి, స్నానం చేసి గోడకి ఆనుకుని కూర్చుంటే, అక్కడ దేవిశ్రీ, ఆ గదిలో ఇంకో ఇద్దరు పిల్లలు, ఇక్కడ నేను. గంటసేపు ఆట.

ఆ గంటలో ఆ పిల్ల మాట్లాడినంత నా ఒళ్ళో కూర్చుని కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. అమ్మమ్మా ఆ రాయి వెనకాల నక్కు అంటుంది. నక్కుతాను. శత్రువులు వచ్చేదాకా ఖాళీయే కాబట్టి, ఈరోజు లెక్కల మేడం నన్ను క్లాసు బయట నిలబెట్టింది అంటుంది. వాళ్ళమ్మకి చెప్పనివి కూడా చెబుతుంది. ఎదురుగా మొహం చూస్తూ చెప్పలేనివి, పొదలో పక్కపక్కన దాక్కున్నప్పుడు చెప్పడం తేలికనుకుంటాను. నేనూ ఉలిక్కిపడను, ఎందుకంటే తుపాకీ మీద దృష్టి పెట్టినట్టు నటించాలి.

అలాంటి గంటకి ముప్పు వచ్చింది. వాళ్ళ హాస్టల్లో అమ్మాయిలందరికీ ఈ ఆటలో పోటీ పెట్టారట, వచ్చే ఆదివారం మధ్యాహ్నం. నేనేమో ఎడమవైపు నుంచి ఎవడొచ్చినా చూసుకోకుండా చచ్చిపోతున్నాను. పదకొండోసారి చచ్చాక దేవిశ్రీ ఆట ఆపేసింది. తరవాత చెప్పింది.

"అమ్మమ్మా, ఫోన్ స్పీకర్లో అడుగులు ఏ పక్కనుంచి వస్తున్నాయో తెలీదు. మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కో. ఆదివారంలోపు కొనకపోతే నీ ప్లేసులో పక్కగది అమ్మాయి సుమయ్యని తీసుకుంటాం. తను రోజూ అడుగుతోంది."

రోజూ సాయంత్రం సాధన కూడా సుమయ్యతోనే చేస్తారా అని అడిగాను. ఎవరు టీములో ఉంటే వాళ్ళతోనే కదా అంది. అంటే నాకు మళ్ళీ వారానికి రెండు నిమిషాలు. తిన్నావా, తిన్నాను.

సరే, కొంటానన్నాను. పదిహేను వందలకి మించకూడదని నాకు నేనే గిరి గీసుకున్నాను. ఆటకీ పనికి రావాలి, మధ్యాహ్నాలు పాటలు వినడానికీ పనికి రావాలి. ఒక వస్తువు కొంటే రెండు పనులు చెయ్యాలన్నది నా పద్ధతి.

ఇక్కడ నా రెండు గొప్పల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ రెండూ కలిసే నన్ను ముంచాయి. మొదటిది చదువు. యాభై మూడో ఏట పేట కమ్యూనిటీ హాల్లో సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటినుంచి కంటబడ్డ ప్రతి అక్షరాన్నీ చదువుతాను. ఆటోల వెనక రాతలు, పచ్చడి సీసాల మీద కాగితాలు, గోడల మీద అతికించినవి, ఏవీ వదలను. చదివినవన్నీ నమ్ముతాను కూడా. చిన్నప్పుడే చదువుకున్నవాళ్ళకి అచ్చులో అబద్ధాలుంటాయని పదేళ్ళకే తెలిసిపోతుంది. నాకు ఇంకా తెలుస్తోంది.

రెండో గొప్ప నా చెయ్యి. నలభై ఏళ్ళుగా తెల్లవారుజామున హార్బర్లో చేప కొంటున్నాను. మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూస్తాను. పొట్ట మీద వేలితో నొక్కి, గుంట పడి వెంటనే తేరుకుంటుందా అని చూస్తాను. తరవాత తోక పట్టి ఎత్తి, చేతిలోనే తూకం చూస్తాను. కాటా మీద పెడితే యాభై గ్రాములు తేడా ఉండదు. నన్ను మోసం చేసి చేప అమ్మినవాడు ఈ విశాఖపట్నంలో పుట్టలేదని నేనే అందరికీ చెప్పుకుంటాను.

ఆ చెయ్యి పట్టుకుని జగదాంబ దగ్గర ఒక కొట్టుకి వెళ్ళాను. కొట్టతను ఆరు పెట్టెలు తీసి బల్ల మీద పరిచాడు. నేను ఒక్కొక్కటీ తీసి, చెవుల మీద పెట్టుకునే మెత్తల్ని వేలితో నొక్కి చూశాను. వంచి చూశాను. వాసన కూడా చూశాను. వాసన ఎందుకమ్మా అని అతను అడిగాడు. నీకు తెలీదులే అన్నాను. తరవాత రెండు చేతుల్లో చెరొకటీ పెట్టుకుని తూకం చూశాను. ఐదు తేలిపోయాయి, పొట్టలో ఏమీ లేని చేపల్లాగ. ఒకటి మాత్రం చేతిని కిందికి లాగింది. నల్లటిది, పక్కన ఎర్రలైటు. పెట్టె మీద తెలుగులో ఒక కాగితం కూడా అంటించి ఉంది: ఇంట్లోనే సినిమా హాలు శబ్దం. చదివాను, నమ్మాను.

పాటలు పెట్టి వినమని అతను ఫోన్ ఇవ్వబోతే అక్కర్లేదన్నాను. చేపని కొనేముందు వండి చూస్తామా. బేరమాడి, రెండుసార్లు కొట్టు మెట్లు దిగి, మూడోసారి అతనే పిలిచాక, నా గిరి దాటకుండా పుచ్చుకుని బయటపడ్డాను. ఆటోలో ఇంటికొస్తూ ఆ కొట్టతన్ని తలుచుకుని కాస్త జాలిపడ్డాను కూడా.

సాయంత్రం పెట్టుకున్నాను. పదినిమిషాలకి మెడ నొప్పెట్టింది. పావుగంటకి చెవుల చుట్టూ చెమట కాలువ కట్టింది. పాట పెడితే బానలో తలపెట్టి పాడుతున్నట్టుంది. అదైనా ఓర్చుకుందును గాని, ఎడమ పక్క అసలు పలకడమే లేదు. ఆరోజు ఆటలో మళ్ళీ ఎడమవైపు నుంచే పోయాను. దేవిశ్రీ ఇంకా కొనలేదా అని అడిగింది. కొన్నానని చెప్పడానికి సిగ్గేసి, రేపు కొంటానన్నాను.

మర్నాడు ఆ కొట్టుకి వెళ్ళి ఎడమది చచ్చిపోయిందని చెబితే, అతను పెట్టుకుని చూసి రెండూ బాగున్నాయమ్మా అన్నాడు. అబద్ధాలకోరు అనుకున్నాను. నలుగురిలో అన్నాను కూడా. అతను తిరిగి తీసుకోనన్నాడు.

పాతపోస్టాఫీసు దగ్గర ఒక సందులో గులాం మొహమ్మద్ అని రేడియోలూ టేపులూ బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. నా పెళ్ళికిచ్చిన రేడియోని ఆ రోజుల్లో వాళ్ళ నాన్న బాగుచేశాడు. ఇప్పుడు ఈయన హెడ్‌ఫోన్లు, ఫోన్లు బాగుచేస్తాడు, కొత్తవి కూడా కొన్ని అమ్ముతాడు. భార్య జన్నత్ బీ పక్కనే చిన్న స్టూలు మీద కూర్చుని సన్న వైర్లు అతుకుతుంది. ఆయనకి చూపు తగ్గి ఆ పని ఆమెకి వచ్చిందట. ఆ నల్లదాన్ని ఆయన ముందు పెట్టి, ఎడమ పక్క పలకడం లేదన్నాను.

ఆయన చేత్తో ఎత్తి చూసి, నావైపు చూసి, స్క్రూలు విప్పాడు. లోపల్నించి రెండు ఇనప బిళ్ళలు తీసి బల్ల మీద పెట్టాడు. బంక పెట్టి అతికించిన ఉత్త ఇనప బిళ్ళలు. వాటికి ఏ తీగా లేదు.

"ఇవి ఏటి పని సేత్తాయి భాయ్?" అన్నాను.

"ఏ పనీ చెయ్యవు చెల్లెమ్మా. బరువుకి పెడతారు. బరువుంటే మంచి సరుకనుకుని కొనేవాళ్ళుంటారు కదా."

ఆయన ఎవరినీ ఉద్దేశించి అనలేదు. ఎండాకాలంలో రొయ్యల్ని మంచునీళ్ళలో నానబెట్టి, ఉబ్బాక కాటా మీద పెట్టిన మనిషి తన ముందు నిలబడి ఉందని ఆయనకేం తెలుసు. ఒకటి రెండేళ్ళు కాదు, చాలా ఎండాకాలాలు. కాలనీల అమ్మగార్లు చేత్తో ఎత్తి చూసి, బరువుగా ఉన్నాయే అసిరమ్మా అని మురిసిపోయేవాళ్ళు. బరువుంటేనే రుచమ్మా అనేదాన్ని. ఆ ఇనప బిళ్ళల్ని చూస్తుంటే వాళ్ళంతా ఆ సందు చివరిదాకా వరసకట్టి నిలబడి నన్ను చూస్తున్నట్టనిపించింది.

బిళ్ళలు తీసేసినా లోపల రెండు పక్కలా బాగానే పలుకుతున్నాయి అన్నాడు గులాం భాయ్. నేను నమ్మలేదు. కొత్తవి చూపించమన్నాను. అయితే ముందు వినండి అని, హెడ్‌ఫోన్ ఎలా కొనాలో ఓపిగ్గా చెప్పాడు. ఆటకైతే తీగ లేనిది చవకలో వద్దు, దాంట్లో చప్పుడు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, మీరు చచ్చాక మీకు తుపాకీ పేలినట్టు వినపడుతుంది అన్నాడు. తీగున్నదే తీసుకోండి, తీగ మొదట్లో గట్టిగా కుట్టినట్టుందా చూడండి. మన ఊరి ఉక్కకి తోలు మెత్తలు వద్దు, గుడ్డవి మేలు. తేలిగ్గా ఉండాలి, గంట పెట్టుకున్నా ఉన్నట్టు తెలీకూడదు. పెట్టె మీద అంకెలు, రాతలు చూడొద్దు. మీకు కంఠతా వచ్చిన పాత పాట ఒకటి పెట్టుకుని, శబ్దం తగ్గించి వినండి. తగ్గించినప్పుడు కూడా అన్నీ విడివిడిగా వినపడితే అది మంచిది. గట్టిగా పెడితే ఏదైనా బాగానే ఉంటుంది.

నేను చదివినవన్నీ పక్కన పెట్టి, ఆయన చెప్పినవి విన్నాను. ఆయన మూడు తేలికపాటివి తీశాడు. ఒకటి పెట్టుకున్నాను. కుడివైపు చక్కగా పలికింది, ఎడమవైపు లేదు. తీసేసి రెండోది పెట్టుకున్నాను. ఎడమవైపు లేదు. మూడోదీ అంతే.

అప్పుడు నాలో చేపల బజారు మేలుకుంది. కొట్టు ముందుకొచ్చి నిలబడి, సందులో పోయేవాళ్ళందరికీ వినపడేలా మాట్లాడాను. జగదాంబలోనూ ఇదే మోసం, ఇక్కడా ఇదే మోసం, ఈ ఊళ్ళో అమ్మే హెడ్‌ఫోన్లన్నిటికీ ఎడమ పక్క కుళ్ళిపోయిందన్నాను. అక్షరం ముక్క వచ్చిన దాన్ని నాకే ఇలా అయితే రానివాళ్ళ సంగతేమిటన్నాను. ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు కూడా. గులాం భాయ్ స్క్రూలు బిగిస్తూ కూర్చున్నాడు.

నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు జన్నత్ బీ నా ముందుకొచ్చి నిలబడింది. చేతిలో టీ గ్లాసు. ఆమె భర్తతో ఉర్దూలో ఏదో చెప్పింది. ఆయన లేచి వచ్చాడు.

"చెల్లెమ్మా, మా ఆవిడ మీ ఎడమ పక్కన నిలబడి టీ తాగుతారా అని మూడుసార్లు అడిగిందట," అన్నాడు.

నేను ఎవరూ అడగలేదన్నాను. ఆయన వాదించలేదు. నన్ను కూర్చోబెట్టి, మూడోది మళ్ళీ నా తల మీద పెట్టి, తన ఫోన్లో ఒక పాత పాట పెట్టాడు. నాకు కంఠతా వచ్చిన పాటే. గొంతు వినపడింది, తబలా వినపడింది. అలాగే, పాట ఆపకుండా, హెడ్‌ఫోన్ తీసి తిరగేసి పెట్టాడు. ఎడమది కుడివైపుకి, కుడిది ఎడమవైపుకి. తబలా పోయింది. దాని స్థానంలో సన్నగా ఒక పిల్లనగ్రోవి మొదలైంది. గొంతు ఆగిన చోటల్లా అది అందుకుంటోంది. ఆ పాటలో పిల్లనగ్రోవి ఉందన్న సంగతే మర్చిపోయాను. నా పెళ్ళిరేడియోలో ఉండేది. మధ్యలో ఎప్పుడు పోయిందో గమనించలేదు, పాతబడ్డ పాటలకి అలాగే అవుతుందనుకున్నాను కాబోలు.

ఆ మూడూ కుళ్ళలేదు. జగదాంబ అతను అబద్ధాలకోరు కాదు. కుళ్ళింది ఎక్కడో తేలింది. సందులో ఆగినవాళ్ళు ఇంకా వెళ్ళలేదు. నేను టీ తాగాను.

నా ఎడమ పక్కన ఎప్పుడూ ఏం చప్పుడుండేదని గులాం భాయ్ అడిగాడు. ఆలోచించాను. హార్బర్ నుంచి రోజూ గంపలేసుకొచ్చే ఆటోలో వెనక సీటు పక్కన పెద్ద సౌండు బాక్సు. దాని పక్కన కూర్చుంటే చలిగాలి తగలదు. ఆ సీటు కోసం నేను పాతికేళ్ళు పోట్లాడాను, ఒకసారి బజారులో నా పక్కన గంప పెట్టుకునే నూకాలు జుట్టు పట్టుకున్నాను. గెలిచి, ఎడమ చెవి దానికి ఆనించి కూర్చున్నాను. అదే కారణమో కాదో డాక్టరే చెప్పాలన్నాడాయన. ఫోన్లో ఒక మీట ఉంది, అది నొక్కితే రెండు పక్కల శబ్దమూ కలిపి కుడి చెవికే ఇస్తుంది, పాట మొత్తం వినపడుతుందని కూడా చెప్పాడు.

మరి ఆటలో అడుగులు, అని అడిగాను.

"అడుగులు వినపడతాయి. ఏ పక్కనుంచో తెలీదు. దిక్కు తెలియాలంటే రెండు చెవులూ కావాలి చెల్లెమ్మా."

ఆ నల్లదాన్ని ఆయనే ఉంచుకుని, మూడోదాన్ని నాకిచ్చాడు. మంచి సరుకు. నేను అనుకున్న ధరలో సగం కూడా కాలేదు. సందు దాటేదాకా తలవంచుకుని నడిచాను.

మర్నాడు బజారులో మెడ పట్టేసిందని చెప్పి, కుడి చెవి నూకాలు వైపు తిప్పి కూర్చున్నాను. నూకాలు ఇరవై ఏళ్ళుగా నా ఎడమ పక్కనే గంప పెట్టుకుంటుంది. ఒకప్పుడు దానికీ నాకూ రోజూ గొడవే. ఈ ఆరేళ్ళలో మాత్రం ఎంతో మారిపోయింది. ఒక్క మాట పడదు, అనదు. వయసు మీద పడ్డాక మంచిదైందని, నా సావాసం వల్లేనని నేను నలుగురికీ చెప్పేదాన్ని కూడా.

పది నిమిషాలు కూర్చున్నానో లేదో, నూకాలు చేప పొలుసు గీరుతూ తనలో తను అనుకున్నట్టు మొదలుపెట్టింది.

"మెడ పట్టీదేటి మరి. సెవులకి టోపీ ఎట్టుకుని తుపాకులాట ఆడతాదట. ముసిల్దానికి గీర మాత్రం తగ్గనేదు."

"టోపీ కాదే నూకాలా. హెడ్‌ఫోను," అన్నాను.

నూకాలు చేతిలో కత్తి ఆగిపోయింది. "ఇనిపించిందేటి అప్పా?"

"ఇనిపించింది."

"ఎప్పట్నించి ఇనిపిత్తంది?"

"ఇప్పుడే, ఈ పక్కకి తిరిగినాక."

అది గుండెల మీద చెయ్యి వేసుకుని, ఐతే ముందివన్నీ ఇన్నేదు కదా, అని ఊపిరి వదిలింది. ఆరేళ్ళ సరుకు ఎంతుందో నేను అడగలేదు, అది చెప్పలేదు. ఆ ధైర్యంతో అసలు సంగతి బయటపెట్టింది. నాకా చెవి వినపడదని పేటంతా తెలుసట. బేరమాడేవాళ్ళు కుడి పక్కకొచ్చి కూర్చుంటారట, తిట్టుకోవాలనుకున్నవాళ్ళు ఎడమ పక్కకి వస్తారట. కొందరు తిట్టడానికే పని కట్టుకుని వచ్చి, మనసు తేలికపడ్డాక చేపలు కొనకుండానే వెళతారట.

"మరి నాకెవులూ సెప్పనేదేటే?" అన్నాను.

"సెప్పినాం అప్పా. ఎడం పక్క కూకుని సెప్పుంటాం."

నవ్వకూడదనుకున్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక దేవిశ్రీ గుర్తొచ్చింది. పేటంతా తెలిసినా దేవిశ్రీకి తెలీదు. ఇంట్లో నా ఎడమ పక్కన గోడ ఉండేది, ఆ పిల్ల కుడి పక్కన పడుకునేది. ఫోన్ నేను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాను. ఆ రోజు శనివారం. చెబితే ఆదివారం సుమయ్య. ఆదివారం ఒకసారి సుమయ్య వస్తే సోమవారం కూడా సుమయ్యే.

చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. నలభై ఏళ్ళు మెత్తబడిన చేపని తాజాదిలాగ తిప్పి చూపించినదాన్ని, ఒక చెవిని దాచలేనా. ఆలోచించి ఉపాయం కూడా కనిపెట్టాను. దీవి చుట్టూ సముద్రం ఉంది. సముద్రాన్ని ఎడమచేతివైపు పెట్టుకుని ఒడ్డు వెంబడి నడిస్తే, ఆ పక్కనుంచి ఎవడూ రాడు. వచ్చేవాడు కుడి నుంచే రావాలి. కుడి చెవి బ్రహ్మాండంగా ఉంది.

సాయంత్రం ఆరింటికి కొత్త హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. నిజంగానే తల మీద ఉన్నట్టే లేదు. కొన్నానని చెబితే దేవిశ్రీ సంబరపడింది, ఎలా ఉందని అడిగింది. రెండు పక్కలా గంటలు మోగినట్టుందన్నాను. దీవిలో దిగి ఒడ్డు పట్టుకుని నడిచాను. ఉపాయం పనిచేసింది. కుడివైపు గడ్డిలో ఒకడు పాకుతుంటే అడుగులు వినిపించి, తిరిగి కాల్చేశాను. గదిలోని పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మమ్మగారు మారిపోయారన్నారు. నాకు గర్వమెక్కింది. ఆఖరికి మూడు జట్లే మిగిలాయి.

అప్పుడు సముద్రంలోంచి మోటారు పడవ వేసుకుని ఒకడొచ్చి, తాపీగా నా పక్కన ఆపి, నన్ను కాల్చేశాడు.

జాలరిపేటలో పుట్టాను. జాలరిపేటలోనే మెట్టాను. మా అయ్య, మా ఆయన, ఇద్దరూ పడవల మీద బతికినవాళ్ళు. ఇంటి గుమ్మంలో నిలబడితే పడవలే కనిపిస్తాయి. సముద్రంలోంచి పడవలొస్తాయని మర్చిపోయిన మనిషి ఆ పేటలో నేనొక్కదాన్నే ఉంటాను.

తరవాత దేవిశ్రీ నెమ్మదిగా అంది.

"అమ్మమ్మా, ఆ ఇంజను చప్పుడు దూరంగా ఉన్న మా ముగ్గురికీ వినిపించింది. నీ పక్కకే వచ్చింది కదా. నీకెలా వినిపించలేదు?"

తీగ ఊడిపోయిందని చెబుదామనుకున్నాను. నోటిదాకా వచ్చేసింది. కాని ఆ పిల్ల గొంతులో కోపం లేదు. భయం ఉంది. అది విన్నాక అబద్ధమాడడం చేతకాలేదు.

"హెడ్‌ఫోను బాగానే ఉందే అమ్మా. నా ఎడం సెవే పోయింది."

ఎప్పటినుంచని అడిగింది. నూకాలు మంచిదైన కాడ్నించీ అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. గదిలో పిల్లల్ని బయటికెళ్ళమంది. ఒక్కతే ఉండి, మొత్తం చెప్పమంది. చెప్పాను. ఇనప బిళ్ళలు, సందులో నేను పెట్టిన గొడవ, టీ గ్లాసు, అన్నీ. రొయ్యల సంగతి ఒక్కటి దాచుకున్నాను. అంతా విని, గురువారం సెలవు పెట్టి వస్తాను, చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామంది. నాకు పని ఉందన్నాను. ఆ పని నేనూ వచ్చి చేస్తానంది. తరవాత పోటీ సంగతికొచ్చింది.

"రేపటికి మాత్రం సుమయ్యనే తీసుకుంటానమ్మమ్మా. మిగతా ఇద్దరూ గెలవాలని ఆశపడుతున్నారు."

సరేనన్నాను. అబద్ధం చెప్పి చచ్చి పోగొట్టుకున్నా, నిజం చెప్పి పోగొట్టుకున్నా పోయింది ఒకటే కదా అనుకుని పడుకున్నాను. ఆదివారం వాళ్ళు ఆడారు. ఆరో స్థానం వచ్చిందట. సుమయ్య ఎంతో బాగా ఆడిందని దేవిశ్రీ సందేశం పెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. బాగా అన్న మాట రెండుసార్లు చదివాను.

సోమవారం ఆరైంది. గంప కడిగి బోర్లించాను. స్నానం చేశాను. గోడ దగ్గర కూర్చోలేదు. బియ్యం చాటలో పోసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను. ఈ రోజుల్లో బియ్యంలో రాళ్ళుండవు. ఆరుంబావుకి ఫోన్ మోగింది.

"ఆటలోకి రాలేదేటి నువ్వు?" అంది దేవిశ్రీ.

"సుమయ్య ఉంది కదే."

"సుమయ్య టీములో ఉంది. అది ఎనిమిదింటికి. ఇది మనిద్దరిదీ. నాను నీ ఎడమ పక్కన నడుత్తాను, నువ్వు కుడి సూసుకో. బేగి రా."

హాస్టల్‌కి వెళ్ళాక ఆ పిల్ల నోట మా మాట రావడం అదే మొదటిసారి. నేను చాట పక్కన పెట్టి, గోడకి ఆనుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

ఇద్దరమే కొండ పక్కన దిగాం. దేవిశ్రీ నాకు ఎడమగా, నా అంత నెమ్మదిగా నడిచింది. ఆ పక్క ఏముందో తెరమీద చూడాల్సిన పని కూడా లేకపోయింది నాకు. ఒక గుడిసె వెనక కూర్చున్నాం. సుమయ్య మంచిదే గాని ఆడేటప్పుడు ఎవరినీ మాట్లాడనివ్వదంది. లెక్కల మేడం ఇవాళ తనని పిలిచి మాట్లాడిందంది. ఈ చదువు తన వల్ల అవుతుందో లేదో అని ఒక్కోసారి భయమేస్తుందని, అది ఎవరికీ చెప్పలేదని చెప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు కుడివైపు నుంచి అడుగుల చప్పుడు వచ్చింది. ఎండుటాకుల మీద, ఒకటి, రెండు, ఆగి మళ్ళీ ఒకటి. చాలా స్పష్టంగా వినిపించింది. గులాం భాయ్ ఇచ్చింది మంచి సరుకే. నేను తిరిగి కాల్చాలంటే, కాసేపు ఆగవే, ఎవడో వస్తున్నాడు అని ఆ పిల్ల మాటకి అడ్డం పడాలి.

అడ్డం పడలేదు. వాడొచ్చి నన్ను కాల్చేశాడు.

"అమ్మమ్మా, కుడి నుంచే కదా వచ్చాడు," అంది దేవిశ్రీ.

వినపడలేదన్నాను. తరవాత ఏటైందో చెప్పమన్నాను.